తెలుగు మీడియంలో చదివి యూనివర్సిటీకి వచ్చారా? పరిశోధనకు లైబ్రరీని వాడుకోవడం ఇలా

డిగ్రీ దాకా తెలుగులో చదివి పీజీలో చేరినవాళ్లు సెమినార్ పేపరు తేదీ దగ్గర పడగానే నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. "లైబ్రరీలో అంతా ఇంగ్లీషే. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఎక్కడ మొదలుపెట్టాలి?" ముందు ఇంగ్లీషు నేర్చుకుని తరువాత లైబ్రరీకి వెళ్దామని ఆగిపోయేవాళ్లూ చాలామందే ఉన్నారు. అలా ఆగితే కోర్సు రెండేళ్లూ గడిచిపోతాయి. మీకు మీ విషయం తెలుసు. తెలిసిన విషయాన్ని పట్టుకుని చదివితేనే ఇంగ్లీషు పట్టుబడుతుంది. అందుకే ఈ రెండు పనులనూ విడదీయవద్దని చెబుతాను.

నేనూ తెలుగు మీడియం నుంచే వచ్చాను. పీజీలో చేరిన కొత్తలో ఒక లావుపాటి పుస్తకం తెచ్చుకుని, మొదటి పేజీ నుంచి ప్రతి మాటకూ నిఘంటువు చూస్తూ కూర్చున్నాను. మూడు వారాల్లో పద్నాలుగు పేజీలు అయ్యాయి, పేపరుకు పనికొచ్చే వాక్యం ఒక్కటీ దొరకలేదు. ఆ మూడు వారాలు మీరు పోగొట్టుకోకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

మొత్తం ఒకే ఉదాహరణతో చెబుతాను: "చీరాల ప్రాంతంలో చేనేత కుటుంబాల పిల్లలు మగ్గం ఎందుకు వదులుతున్నారు?" మీ అంశం ఏదైనా పద్ధతి ఇదే.

కావలసినవి

- లైబ్రరీ కార్డు, యూనివర్సిటీ ఇచ్చిన ఈమెయిలు, క్యాంపస్ బయటి నుంచి ఆన్‌లైన్‌లో పరిశోధన పత్రికలు (జర్నల్స్) చదివే లాగిన్. ఈ లాగిన్ అడిగితేనే ఇస్తారు. చేరిన మొదటి వారంలోనే అడగండి.
- ఒక నోటుబుక్కు, రెండు రంగుల పెన్నులు.
- భాష నేర్చుకునేవాళ్ల కోసం తయారుచేసిన ఇంగ్లీషు–ఇంగ్లీషు నిఘంటువు. దీన్ని లెర్నర్స్ డిక్షనరీ అంటారు. అర్థాలను రెండు మూడు వేల సులువైన మాటల్లోనే చెబుతుంది కనుక మామూలు నిఘంటువు కన్నా మీకు ఇదే మేలు.
- తెలుగు అకాడమీ వేసిన మీ సబ్జెక్టు పారిభాషిక పదకోశం. చాలా యూనివర్సిటీ లైబ్రరీల్లో ఎవరూ ముట్టుకోకుండా పడి ఉంటుంది. తెలుగులో చదివినవాళ్లకు ఇంతకన్నా దగ్గరి చుట్టం లేదు.
- రోజుకు ఒక గంట. ఆదివారం ఏడు గంటలు కూర్చోవడం దీనికి సాటి రాదు.

1. ప్రశ్నను తెలుగులో రాసి, మాటలకు ఇంగ్లీషు జతలు వెతకండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తొందరపడితే తరువాతి మెట్లన్నీ వృథా అవుతాయి.

ప్రశ్నను ఒక్క వాక్యంలో తెలుగులో రాయండి. అందులోని ముఖ్యమైన మాటల కింద గీత గీయండి. మన ఉదాహరణలో అవి చేనేత, కుటుంబం, పిల్లలు, వదలడం, చీరాల. ఒక్కో మాటకు ఎదురుగా ఇంగ్లీషులో ఒకటి కాదు, మూడు నాలుగు మాటలు రాసుకోండి.

చేనేత ఒక వృత్తి కదా, ఆ 'వృత్తి' అనే మాటే చూడండి. నిఘంటువు మీకు ప్రొఫెషన్, ఆక్యుపేషన్, వొకేషన్, లైవ్లీహుడ్ అని నాలుగు మాటలు ఇస్తుంది. ప్రొఫెషన్ అని వెతికితే డాక్టర్లు, వకీళ్లు వస్తారు. నేతపని గురించి రాసేవాళ్లు ఎక్కువగా ఆక్యుపేషన్ అంటారు. ఇల్లు గడవడం గురించి అయితే లైవ్లీహుడ్ అంటారు. తండ్రి వృత్తి నుంచి కొడుకు వేరే వృత్తికి మారడాన్ని సామాజిక శాస్త్రంలో 'ఆక్యుపేషనల్ మొబిలిటీ' అంటారు. ఈ ఒక్క జత తెలిస్తే అంతవరకు మూసి ఉన్న అర తెరుచుకుంటుంది.

ఇంకొకటి. నూలు ఇచ్చి, కూలి కట్టి నేయించుకునే షావుకారును మీరు రిచ్ మ్యాన్ అనో, మర్చంట్ అనో అనువదించి వెతికితే ఏమీ దొరకదు. పరిశోధన పత్రాల్లో ఆయన పేరు 'మాస్టర్ వీవర్'. గుంట మగ్గం 'పిట్ లూమ్'. ఇలాంటివి నిఘంటువులో కనిపించవు, ఆ రంగంలో ఇదివరకు రాసినవాళ్ల దగ్గరే దొరుకుతాయి. కాబట్టి మొదటి రోజు ఒక్క పత్రమే దొరికినా, దాని శీర్షికలోనూ దాని కింద ఇచ్చిన 'కీవర్డ్స్' వరుసలోనూ ఉన్న మాటలను మీ పట్టికలో చేర్చుకోండి. ఆ వరుసను చాలామంది చూడకుండానే దాటేస్తారు.

స్థలాల పేర్లతో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉండేది. తరువాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లింది. 2022 నుంచి బాపట్ల జిల్లాలో ఉంది. బాపట్ల అని ఒక్కటే వెతికితే అంతకుముందు రాసినవి మీ కంట పడవు. స్పెల్లింగులూ అంతే. కడపను ఇంగ్లీషులో దశాబ్దాల పాటు 'సి' అక్షరంతో మొదలుపెట్టి 'కడ్డపా' అన్నట్టు రాశారు. విశాఖపట్నానికి విజగపటం, మచిలీపట్నానికి మసూలిపటం అనే పాత రూపాలు ఉన్నాయి. పాత గెజిటీర్లు (జిల్లాల వివరాలతో ప్రభుత్వం వేసిన పుస్తకాలు), నివేదికలు కావాలంటే పాత స్పెల్లింగుతోనే వెతకాలి.

సరిచూసుకోవడం: పట్టికలో ఒక్కో తెలుగు మాటకు కనీసం రెండు ఇంగ్లీషు మాటలు ఉన్నాయా? లేకపోతే ముందుకు వెళ్లవద్దు.

2. రిఫరెన్స్ విభాగంలో అరపేజీ చదవండి

నేరుగా పరిశోధన పత్రానికి వెళ్లకండి. రిఫరెన్స్ విభాగంలో మీ సబ్జెక్టు విజ్ఞాన సర్వస్వం తీసి, మీ అంశం మీద ఉన్న వ్యాసంలో మొదటి అరపేజీ చదవండి. నిర్వచనం, పెద్ద పేర్లు, వాడుకలో ఉన్న మాటలు అక్కడే దొరుకుతాయి. అది కూడా కష్టంగా ఉంటే ముందు అదే విషయం మీద తెలుగు అకాడమీ పుస్తకంలోని అధ్యాయం చదివి రండి. అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విషయం ముందే తెలిసి ఉంటే ఇంగ్లీషు వాక్యంలో తెలియని మాట ఉన్నా అర్థం చెడదు.

3. కేటలాగులో వెతికి, ర్యాక్ దగ్గరకు వెళ్లండి

లైబ్రరీ కంప్యూటర్ కేటలాగును ఓపాక్ అంటారు. ఇందులో పూర్తి వాక్యం టైపు చేయవద్దు. రెండు మాటలు చాలు: హ్యాండ్‌లూమ్, ఆంధ్ర. ఏమీ రాకపోతే ఒక మాట తీసేయండి. వందలు వస్తే ఒక మాట కలపండి. ఒక మంచి పుస్తకం దొరికితే దాని వివరాల్లో 'సబ్జెక్ట్' అని ఉన్న లింకు నొక్కండి. అదే అంశం కింద నమోదైన పుస్తకాలన్నీ ఒకచోట వస్తాయి.

తరువాత కాల్ నంబరు, అంటే పుస్తకం ర్యాకులో ఎక్కడుందో చెప్పే సంఖ్య, రాసుకుని ర్యాక్ దగ్గరకు వెళ్తారు, చాలామంది అక్కడే తప్పిపోతారు. పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో వర్గీకరించే డ్యూయీ పద్ధతిలో చుక్క తరువాతి అంకెలు దశాంశాలు. 338.4767 ముందు వస్తుంది, 338.5 తరువాత వస్తుంది. నాలుగు వేల ఏడు వందల అరవై ఏడు అయిదు కన్నా పెద్దదనుకుని వెనక ర్యాకుల్లో వెతికి, పుస్తకం లేదని తిరిగి వచ్చేస్తారు. చుక్క తరువాత ఒక్కో అంకెనూ విడిగా పోల్చండి: 4 కన్నా 5 పెద్దది, అంతే.

పుస్తకం దొరికాక దానికి అటు పది, ఇటు పది పుస్తకాల వీపులు చదవండి. ఒకే విషయం మీద పుస్తకాలు పక్కపక్కనే ఉంటాయి. ఇంగ్లీషు వాడుక, వ్యాకరణం పుస్తకాలు 428 దగ్గర ఉంటాయి. దారిలో అక్కడా ఒకసారి ఆగండి.

హెచ్చరిక: తీసిన పుస్తకాన్ని మీరే ఎక్కడో సర్దవద్దు. బల్ల మీద వదిలేయండి. తప్పు చోట పెట్టిన పుస్తకం ఎవరికీ దొరకదు.

4. లైబ్రేరియన్‌ను అడగండి

ఇంగ్లీషులో అడగాలేమోనన్న బెరుకుతో చాలామంది ఈ పని చేయరు. తెలుగులోనే అడగండి: "సార్, నా అంశం చీరాల చేనేత కుటుంబాల్లో వృత్తి మార్పు. ఈ మాటలతో వెతికాను, ఇవి దొరికాయి. గత పదేళ్ల పత్రాలు ఎక్కడ చూడాలి?" ఏం వెతికారో ముందే చెప్పడం ముఖ్యం. "చేనేత మీద పుస్తకాలు కావాలి" అంటే ర్యాక్ చూపిస్తారు. ఏమేం వెతికారో చెబితే మీతో కలిసి వెతుకుతారు.

గ్రంథాలయ శాస్త్రానికి ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ఇచ్చిన అయిదు సూత్రాలలో నాలుగోది పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది. మీకు దారి చూపడం వాళ్ల వృత్తిధర్మం, మీరు అడుక్కుంటున్నట్టు అనుకోవద్దు. మీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ఏర్పాటు ఉందేమో కూడా అప్పుడే కనుక్కోండి.

5. ఆన్‌లైన్‌లో ఈ వరుసలో వెళ్లండి

మొదట శోధ్‌గంగ. మన యూనివర్సిటీల పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసాలు ఇక్కడ ఉచితంగా దొరుకుతాయి. నడిపేది గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే యూజీసీ కేంద్రం. ఒక్కో వ్యాసం ముక్కలు ముక్కలుగా, అధ్యాయానికి ఒక ఫైలు చొప్పున ఉంటుంది. అన్నీ దించుకోవద్దు. విషయసూచిక, మొదటి అధ్యాయం, చివరి అధ్యాయం, గ్రంథసూచి చాలు. గ్రంథసూచి అంటే మీకన్నా ముందు మూడు నాలుగేళ్లు కష్టపడి ఒకరు కూర్చిన జాబితా. దాన్ని దారిగా వాడుకోండి. అయితే శోధ్‌గంగలోని వ్యాసాలన్నీ ఒకే స్థాయిలో ఉండవు. అక్కడి ఇంగ్లీషు వాక్యాలను నమూనాగా పెట్టుకోవద్దు.

తరువాత పరిశోధన పత్రికలు. 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం 2025 జనవరిలో మొదలైంది. దీని కింద 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, ప్రభుత్వ విద్యాసంస్థల వాళ్లకు అందుతాయి. డబ్బు కట్టమని కనిపించిన పత్రం కూడా క్యాంపస్ నెట్‌వర్క్ నుంచి చూస్తే తెరుచుకోవచ్చు. ప్రైవేటు కాలేజీ వాళ్లు పరిశోధన పత్రికల వెబ్‌సైటు జేస్టోర్‌లో సొంత ఖాతా తెరిస్తే 30 రోజులకు 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో ఉచితంగా చదవవచ్చు. ఐఐటీ ఖరగ్‌పూర్ నడిపే నేషనల్ డిజిటల్ లైబ్రరీలో నమోదూ ఉచితమే.

చివరగా గూగుల్ స్కాలర్, అంటే పరిశోధన రచనలను మాత్రమే వెతికే గూగుల్. రెండు మూడు మాటల పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి, లేకపోతే మాటలను విడదీసి వెతుకుతుంది. ఒక మంచి పత్రం దొరికాక దాని కింద 'సైటెడ్ బై' నొక్కితే, ఆ తరువాత దాన్ని ఉదహరించినవాళ్లు కనిపిస్తారు. గ్రంథసూచి మిమ్మల్ని వెనక్కు తీసుకెళ్తే ఇది ముందుకు తీసుకెళ్తుంది.

పాత పత్రికలు కావాలంటే ఆన్‌లైన్‌తో సరిపెట్టుకోవద్దు. చీరాల పక్కనే ఉన్న వేటపాలెం సారస్వత నికేతనం 1918లో మొదలైంది. పాత తెలుగు పత్రికలకు పేరున్న గ్రంథాలయం. తెలుగు ఆధారాన్ని ఇంగ్లీషు పేపరులో వాడుకోవడం తప్పు కాదు. పైగా తెలుగు రాని పరిశోధకుడికి లేని బలం అది.

హెచ్చరిక: చాట్‌బాట్‌ను అడిగితే లేని పుస్తకాలకూ లేని పత్రాలకూ పేర్లు కల్పించి ఇవ్వగలదు. అది ఇచ్చిన ప్రతి పేరునూ కేటలాగులోనో స్కాలర్‌లోనో చూసి, కంటికి కనిపించాకే రాసుకోండి.

6. పత్రాన్ని మొదటి పేజీ నుంచి చదవవద్దు

చదవాల్సిన వరుస: శీర్షిక, సారాంశం, ముగింపు, పట్టికలు, ఉపశీర్షికలు. ఇంతవరకు చదివాక ఇది నాకు పనికొస్తుందా అని ఆగి ఆలోచించండి. పనికొస్తుందంటేనే మిగతాది.

సారాంశాన్ని, అంటే అబ్‌స్ట్రాక్ట్‌ను, మూడుసార్లు చదవండి. మొదటిసారి నిఘంటువు ముట్టుకోవద్దు, తెలియని మాటల కింద గీత మాత్రం గీయండి. రెండోసారి, గీత గీసిన వాటిలో ఏవి లేకపోతే అర్థం ఆగిపోతుందో వాటికే అర్థం చూడండి. సాధారణంగా అయిదారుకు మించవు. మూడోసారి చదివి, వీళ్లు ఏం అడిగారు, ఎలా తెలుసుకున్నారు, ఏం తేలింది అన్న మూడు ప్రశ్నలకు తెలుగులో జవాబు రాయండి.

తెలిసిన మాటలే ఇక్కడ ఎక్కువగా మోసం చేస్తాయి. కొత్త మాట అయితే నిఘంటువు చూస్తాం. తెలుసనుకున్న మాటను చూడం. ఈ కిందివి నేను తరచుగా చూసే పొరపాట్లు:

- లిటరేచర్ రివ్యూ అంటే సాహిత్య సమీక్ష కాదు. ఆ అంశం మీద ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల సమీక్ష. ఎకనామిక్స్ పేపరులో 'లిటరేచర్' చూసి కవిత్వం గురించి వెతికిన విద్యార్థి నాకు తెలుసు.
- ఫలితాలు ఒక విషయాన్ని 'సజెస్ట్' చేస్తున్నాయంటే సలహా ఇస్తున్నాయని కాదు, సూచిస్తున్నాయని. రుజువు చేశాయనీ కాదు.
- 'సిగ్నిఫికెంట్' అంకెల పక్కన వస్తే గొప్ప, ముఖ్యమైన అనే అర్థం తీసుకోవద్దు. ఆ తేడా యాదృచ్ఛికంగా వచ్చినదిగా కనిపించడం లేదని గణాంకశాస్త్రం చెప్పే మాట అది.
- 'సబ్జెక్ట్స్' కొన్ని పత్రాల్లో పాఠ్యాంశాలు కావు, అధ్యయనంలో పాల్గొన్న మనుషులు.
- 'ఇన్‌స్ట్రుమెంట్' తరచుగా ప్రశ్నావళి.
- 'మే', 'మైట్' అని చిన్న మాటలు. వీటిని వదిలేస్తే అర్థమే మారిపోతుంది. తక్కువ కూలి కారణం కావచ్చు అన్న రచయితను, కారణమే అన్నాడని మీ పేపరులో రాస్తారు. గైడ్ మొదట పట్టుకునేది దీన్నే.

ఫోనులో అనువాదం చూడవచ్చా? మీరు అర్థం చేసుకున్నది సరేనా అని తరువాత సరిచూసుకోవడానికి చూడండి. ముందే చూస్తే కళ్లు తెలుగు మీదే ఉంటాయి, ఇంగ్లీషు వాక్యం మీకు రాదు.

7. మూసేసి రాయండి

నోట్సు తీసేటప్పుడు ముందు పైన రచయిత పేరు, సంవత్సరం, శీర్షిక, పేజీ నంబరు రాయండి. ఇది రాయకుండా ఒక్క వాక్యం కూడా రాసుకోవద్దు. తరువాత పుస్తకం మూసేసి, గుర్తున్నది తెలుగులో రాయండి. మర్నాడు ఆ తెలుగు నోట్సు చూసి, సొంతంగా ఇంగ్లీషులో రాయండి. మధ్యలో ఒక రాత్రి గడవడం వల్ల రచయిత వాక్యం మరుపుకు వస్తుంది, విషయం మిగులుతుంది. ఉన్నదున్నట్టు తీసుకునే వాక్యాన్ని రెండో రంగు పెన్నుతో, కొటేషన్ గుర్తుల మధ్య రాయండి.

ఇంగ్లీషు రానివాళ్లు కాపీ కొట్టేది మోసం చేయాలని కాదు, తమ వాక్యం బాగుండదని భయపడి. నాకు ఆ భయం తెలుసు. కానీ సాఫ్ట్‌వేర్‌కు భయం కనిపించదు. 2018 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం సిద్ధాంత వ్యాసాల్లో పోలిక 10 శాతం దాటితే తిరిగి రాయాలి. 40 దాటితే ఏడాది పాటు సమర్పించనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. నాలుగు మాటలు మార్చి రాయడం, తెలుగులోకి పంపి మళ్లీ ఇంగ్లీషులోకి తెప్పించడం కూడా కాపీ కిందికే వస్తాయి.

అయితే వాక్యాల ఎముకల గూడును తీసుకోవచ్చు. 'ఎగ్జామిన్స్', 'ఆర్గ్యూస్', 'ఫైండ్స్' అని ఎక్కడ ఏ క్రియ వాడుతున్నారో గమనించండి. పరిశీలించడానికి ఒకటి, వాదించడానికి ఒకటి, తేల్చడానికి ఒకటి. పది పత్రాల్లో ఈ క్రియలున్న వాక్యాలు ఎలా మొదలవుతున్నాయో రాసుకుంటే మీ మొదటి పేజీకి సరిపడా నమూనాలు చేతికి వస్తాయి.

8. మాటల జాబితా చిన్నదిగా ఉంచండి

రోజుకు అయిదు మాటలు చాలు. రెండు వేర్వేరు పత్రాల్లో కనిపించిన మాటనే జాబితాలోకి ఎక్కించండి. ఒక్కసారే కనిపించినదాన్ని వదిలేయండి. ఏవెరిల్ కాక్స్‌హెడ్ అనే భాషా పరిశోధకురాలు 2000లో అన్ని సబ్జెక్టుల్లోనూ పదేపదే వచ్చే 570 పద కుటుంబాల (ఒకే మూలం నుంచి వచ్చిన మాటల గుంపుల) జాబితా కూర్చారు. ఇంటర్‌నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మీ జాబితాను దానితో పోల్చి చూసుకోండి. మాట పక్కన తెలుగు అర్థం కన్నా, అది కనిపించిన వాక్యం మొత్తం రాసుకోవడం మంచిది.

సరిగా జరిగిందో లేదో చూసుకోవడం

చదివిన పత్రంలో ఏం తేలిందో కాగితం చూడకుండా స్నేహితుడికి ఒక నిమిషంలో తెలుగులో చెప్పండి. చెప్పలేకపోతే చదవలేదన్నట్టే. ఆరో మెట్టుకు తిరిగి వెళ్లండి.

మీ చిత్తుప్రతిలో వేలు పెట్టి ఏదో ఒక వాక్యం చూపించమని రూమ్మేట్‌ను అడగండి. అది ఏ పుస్తకంలో ఏ పేజీ నుంచి వచ్చిందో రెండు నిమిషాల్లో తీసి చూపించగలగాలి.

వేరే మాటలతో వెతికినా పాత పేర్లే మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయా? అయితే సెమినార్ పేపరుకు వెతుకులాట చాలు. ప్రతిసారీ కొత్త పేర్లే వస్తుంటే మీ ప్రశ్న ఇంకా విశాలంగా ఉంది, దాన్ని తగ్గించుకోండి.

మొదటి రోజు గీతలు గీసిన సారాంశం కాగితాన్ని పారేయకండి. తేదీ వేసి నోటుబుక్కు చివర అంటించండి. నెల తరువాత అదే సారాంశం చదివి, అప్పటికీ తెలియని మాటల కింద రెండో రంగుతో గీత గీయండి. రెండో రంగు గీతలు సగానికి మించి ఉంటే మీరు వేర్వేరు అంశాల పత్రాలు చదువుతున్నారన్నమాట. వచ్చే నెలంతా ఒకే అంశం మీద ఉన్నవే చదవండి.